చర్చి కింద క్యాబేజీ పీపాలు

ఆ ఏడాది మా దొడ్లో క్యాబేజీ విరగకాసింది. ఒక్కొక్కటీ రెండు చేతులా ఎత్తితే గానీ లేచేది కాదు. ఇష్టంగా తినేవాడు ఇంట్లో లేని ఏడే ఇంత కాపు కాయాలా అని మా అమ్మ తోటను కూడా తిట్టింది. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలై అది మూడో ఏడు. మా అన్న కాస్పర్ ఉత్తరాది సైన్యంలో చేరి పధ్నాలుగు నెలలైంది. వాడు టెనెస్సీ కొండల్లో ఎక్కడో ఉన్నాడు. మేము విస్కాన్సిన్‌లో, కార్వర్స్ మిల్ అనే ఊళ్ళో ఉన్నాం.

నాకప్పుడు పదిహేడేళ్ళు. జర్మన్ల దేశం బవేరియా నుంచి వచ్చి పదేళ్ళయినా మా ఇంట్లో ఇంగ్లీషు సరిగ్గా వచ్చింది నాకొక్కదానికే. నాన్న లోరెంజ్ బ్రెనర్ పీపాలు చేసేవాడు; పీపా కొలతలు చెప్పుకోవడానికి సరిపడా ఇంగ్లీషు ఆయనకుంది. అమ్మకి "గుడ్ మార్నింగ్" ఒక్కటే వచ్చు. దాన్ని పొద్దునా సాయంత్రమూ ఒకేలా వాడేది.

అక్టోబరు మొదట్లో అన్న ఉత్తరం వచ్చింది. అమ్మ దొడ్లో కత్తి పట్టుకుని నిలబడి ఉంటే, నేను గట్టు మీద కూచుని చదివాను.

"అమ్మా, ఇక్కడ మాకిచ్చే రొట్టె ముక్కలు రాళ్ళలా ఉంటాయి. నానబెట్టుకుని తింటున్నాం. కూరా నారా కళ్ళజూసి మూడు నెలలైంది. చిగుళ్ళు వాచి నెత్తురొస్తోంది. ముందు పళ్ళు నాలుకతో తోస్తే కదులుతున్నాయి. ఇది చిగుళ్ళ జబ్బనీ, పులుపూ కూరగాయలూ తింటే పోతుందనీ, లేకపోతే మనిషినే పట్టుకుపోతుందనీ డాక్టరు అంటున్నాడు. ఆయన దగ్గర ఆ రెండూ తప్ప అన్నీ ఉన్నాయి. నిన్న నీ క్యాబేజీ ఊరగాయ కల్లోకి వచ్చింది."

అమ్మ కత్తి కింద పెట్టి కొట్టాంలోకి నడిచింది.

"ఏమయ్యా, ఎన్ని పీపాలున్నాయి నీ దగ్గర?"

"ఆరు. మిల్లువాళ్ళవి."

"ఇప్పుడు మనవి" అంది.

పీపాలున్నాయి, క్యాబేజీ ఉంది. పంపే దారే కష్టం. సైన్యానికి పోయే రైళ్ళలో ఎవరి మూట వాళ్ళు వెయ్యడానికి లేదు. మా ఊరి ఆడవాళ్ళ 'సిపాయిల సాయం సంఘం' ద్వారా చికాగో గోదాముకి పంపాలి, అక్కడి నుంచి వాళ్ళు సైన్యానికి చేరుస్తారు. ఆ సంఘానికి పెద్ద లొవీనా వీలాక్ గారు. ఊళ్ళో మద్యం మాన్పించే సంఘానికి కూడా ఆవిడే పెద్ద. నాన్న చేత బీరు మానతానని సంతకం పెట్టించడానికి ఒకసారి కాయితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. అమ్మ ఆ కాయితాన్ని మర్యాదగా అందుకుని పొయ్యి అంటించింది. అప్పటి నుంచి వీలాక్ గారు మా ఇంటి ముందుకొచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది.

"బీరు మాని చన్నీళ్ళు తాగమనే ఆవిడ గుమ్మం తొక్కాలా నేను?" అంది అమ్మ.

"తొక్కాలి" అన్నాడు నాన్న.

"ముందు క్యాబేజీ తొక్కుదాం" అంది అమ్మ.

మా పద్ధతిలో క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పూ షాజీరా చల్లి, పీపాలో వేసి కాళ్ళతో తొక్కుతారు. తొక్కే కాళ్ళు నావి. అమ్మ మూడుసార్లు కడిగించి, గోళ్ళు చూసి, అప్పుడు ఎక్కించేది. నాలుగు రోజులు పీపాల్లోనే నిలబడ్డాను. చివరికి ఉప్పుకి నా అరికాళ్ళూ, తరిగి తరిగి అమ్మ చేతులూ పగిలిపోయాయి. ఆరు పీపాలూ నిండాక వాటి మీద సుద్దతో 'కాస్పర్ బ్రెనర్' అనీ, కింద వాడి పటాలం పేరూ పెద్ద అక్షరాలతో రాయించింది. ఆ అక్షరాలు చదవడం రాకపోయినా ఆరింటినీ వేలితో తడిమి చూసుకుంది.

*

సంఘంవాళ్ళ సామానంతా వాళ్ళ చర్చి నేలమాళిగలో చేరుస్తున్నారు. మేము పీపాలతో వెళ్ళేసరికి అక్కడ పళ్ళ జాడీలూ, దిండు గలీబులూ, కట్టుకట్టే గుడ్డ పీలికలూ వరసలుగా సర్ది ఉన్నాయి. వీలాక్ గారు పొడుగ్గా, సన్నగా, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఉంది.

"ఏమిటమ్మాయ్ ఇది?"

"క్యాబేజీ అండీ. ఉప్పులో ఊరబెట్టాం. చిగుళ్ళ జబ్బుకి మంచిది."

ఆవిడ వంగి వాసన చూసి, గబుక్కున నిటారైంది. "ఊరిందా, కుళ్ళిందా?"

"ఏమంటోందే?" అంది అమ్మ.

"బాగుందంటోందమ్మా."

"ముక్కు మూసుకుని మరీ బాగుందంటోందా?"

వీలాక్ గారు సుద్ద రాత చూసింది. "పేర్లు రాసి పంపకూడదు, అది సంఘం నియమం. అందరివీ ఒక్కచోట కలిసిపోతాయి. ఎక్కడ జబ్బు ఎక్కువుంటే అక్కడికి పోతాయి. ఈ పేరు మీరు తుడవకపోతే చికాగోలో వాళ్ళే తుడుస్తారు. మీ అమ్మగారికి అర్థమయ్యేలా చెప్పు."

నేను అమ్మ వైపు చూశాను. ఉప్పు తిన్న ఆ చేతుల్ని ఏప్రన్ కింద దాచుకుని, ఆ పెద్దావిడ ముందు బడిపిల్లలా నిలబడి ఉంది. నాకు నోరు రాలేదు.

"కాస్పర్‌కే చేరుస్తామంటోంది" అన్నాను.

అమ్మ మొహం వెలిగిపోయింది. వీలాక్ గారికి తల వంచి నమస్కరించి, "గుడ్ మార్నింగ్" అంది. అప్పుడు సాయంత్రం నాలుగైంది.

నాన్న మాత్రం తన పని సంగతి గట్టిగా చెప్పాడు. ఊరుతున్న పీపాలోంచి గాలి పోవాలి, మూతలు ఊరికే వేసి పైన రాయి పెట్టండి, బిగించొద్దు అన్నాడు. ఆ ముక్క మాత్రం ఉన్నదున్నట్టు ప్రాట్ గారికి చెప్పాను. ప్రాట్ గారు ఆ చర్చి పెద్ద. మర్యాదస్తుడు, చెప్పేవాళ్ళకి అడ్డు రాకుండా తలాడించే రకం. ఏమీ వినలేదని తర్వాత తెలిసింది.

*

ఆదివారం జరిగింది నేను చూడలేదు. మా కాథలిక్కుల చర్చి వేరే ఊళ్ళో ఉంది, మేము అక్కడున్నాం. కానీ దాన్ని నాకు ముప్పైమంది చెప్పారు, అందుకని చూసినవాళ్ళకంటే బాగా చెప్పగలను.

గురువారానికి పీపాల్లోంచి నురగ పొంగి నేల మీద కారిందట. ప్రాట్ గారికి మరక కనిపిస్తే అన్నం సయించదు. రాళ్ళు తీసేసి, మూతలు బిగించి, చుట్టూ మేకులు కొట్టి, సందుల్లో తారు పూశాడు. ఆదివారం పాస్టరు గారు నరకం మీద ప్రసంగం చేస్తున్నారు. మన కాళ్ళ కిందే అది కాచుక్కూచుంది అనగానే కాళ్ళ కింద నుంచి బుస్సుమని చప్పుడొచ్చింది. పాస్టరు గారు ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ బుస్సుమంది. అంతలో ఢామ్మని ఒక మూత లేచి నేలచెక్కలకి తగిలింది. వెనకే రెండోది. చెక్కల సందుల్లోంచి పుల్లటి వాసన పైకి తన్నింది. ఊళ్ళో ఉండే ముసలి కల్నల్ ఒకాయన శత్రువులొచ్చారని బెంచీ కింద దూరాడట. ఆడవాళ్ళు దీపం పట్టుకుని కిందికి దిగేసరికి, జాడీల మీదా గలీబుల మీదా దూలాల మీదా క్యాబేజీ వేలాడుతోంది, నేల మీద నురగ పారుతోంది. పులిసిన వాసన, నురగ, జర్మన్లు. వీలాక్ గారు లెక్క కట్టేసింది.

మధ్యాహ్నం మా తలుపు దబదబా మోగింది. తీస్తే ఆవిడే. టోపీ రిబ్బను మీద ఇంకా క్యాబేజీ తరుగు వేలాడుతోంది.

"మీరు దేవుడి ఇంట్లో బీరు కాచారు!" అంది.

"ఏమైందే? ఆ తల మీదున్నది నా క్యాబేజీయేనా?" అంది అమ్మ.

నేను జరిగింది చెప్పాను. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఊరే పీపాకి మేకులు కొట్టిన వెధవెవడో అడుగు."

"మూతలు ఎవరు బిగించారని అమ్మ అడుగుతోందండీ."

"ఆ వెధవని పీపాలో పెట్టి మేకులు కొట్టమని చెప్పు."

"గాలి ఆడకపోతే కష్టమంటోందండీ."

నాన్న అప్పటికే నవ్వాగక గోడ వైపు తిరిగిపోయాడు. వీలాక్ గారికి ఒళ్ళు మండింది. "బీరు కాకపోతే మరేమిటది?"

అమ్మ లోపలికి పోయి నిరుటి ఊరగాయ జాడీ అడుగున మిగిలింది గిన్నెలో వేసి, ఫోర్కు గుచ్చి తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "తినమను. మత్తెక్కితే నేనే మోసుకెళ్ళి ఇంట్లో దింపుతానని చెప్పు."

ఇది మాత్రం మార్చకుండా చెప్పాను.

వీలాక్ గారు కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. తర్వాత కుర్చీలో నిటారుగా కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. మత్తెక్కుతుందేమోనని పావుగంట చూసింది. మేం ముగ్గురం ఆవిణ్ణి చూస్తూ నిలబడ్డాం. పావుగంటయ్యాక లేచి, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిన్నగా నడిచి చూసుకుంది.

"ఇందులో మత్తు లేదు" అని తీర్పు చెప్పి, మళ్ళీ కూచుని గిన్నె ఖాళీ చేసింది.

*

మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ చర్చి నేలమాళిగకి వెళ్ళాం. మూతలు లేచిన రెండు పీపాల తాలూకు చెత్త తీస్తూ సంఘం ఆడవాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. మిగిలిన నాలుగు పీపాల మేకులు నాన్న ముందే ఊడదీశాడు. వీలాక్ గారు తడిగుడ్డతో ఒక పీపా మీది సుద్ద రాత తుడవబోయింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు పేరెందుకు తుడుస్తోంది?"

నేను చీపురు అందుకున్నాను. వీలాక్ గారు నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసింది. "ఈ పిల్ల మీకు చెప్పలేదా?"

చెప్పాల్సొచ్చింది. నియమం సంగతీ, నేనాడిన అబద్ధం సంగతీ అన్నీ చెప్పాను. అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే నయంగా ఉండేది.

"నాన్నని బండి తెమ్మను. ఒక్క ఆకు ఇక్కడ మిగలకూడదు" అంది. "నాకున్నది ఒక్క కొడుకు. వాడి పళ్ళు ఊడిపోతుంటే నేను ఊరందరి కొడుకులకీ తొక్కి పొయ్యాలా? ఆవిడకేం తెలుసు? అడుగు, ఆవిడ కొడుకెక్కడున్నాడో అడుగు."

అడిగాను. ఆడవాళ్ళందరూ చేతిలో పని ఆపేశారు.

"మా ఎబెన్ విక్స్‌బర్గ్ దగ్గర పోయాడు, మొన్న మే నెలలో" అంది వీలాక్ గారు. గుడ్డని బకెట్లో జాడించి పిండింది. "ఆ తర్వాత ముప్పై జతల మేజోళ్ళు అల్లాను. ఎవరి కాళ్ళకి పోతున్నాయో నాకు తెలీదు. మీ అమ్మగారికి ఇది సరిగ్గా చెప్పమ్మాయ్."

సరిగ్గా చెప్పాను. 

 అమ్మ వీలాక్ గారి చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని, ఆ పేరు తనే తుడిచింది. అన్ని పీపాలూ తుడిచింది. గుడ్డ బకెట్లో పడేసి నా వైపు తిరిగింది.

"రెండు పీపాలు మళ్ళీ నింపాలి. మేజోళ్ళు విప్పమను."

"ఎవరినమ్మా?"

"అందర్నీ. ముందు ఆవిణ్ణి."

అమ్మ రెండోసారి కసిరితే గానీ ఆ మాట ఇంగ్లీషులో చెప్పే ధైర్యం నాకు రాలేదు. విన్నాక వీలాక్ గారు మెట్ల వైపు తిరిగి, "ప్రాట్ గారూ! పైకి వెళ్ళండి, తలుపు వెయ్యండి!" అని కేకేసింది.

ఆ రోజును తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళంతా సంతోషం పుడుతుంది. గౌన్లు మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, ఊళ్ళో పెద్దమనుషుల భార్యలంతా బల్ల మీద వరసగా కూచుంటే అమ్మ ఒక్కొక్కరి కాళ్ళే పట్టి చూసింది. పాస్టరు గారి భార్యని రెండోసారి కడుక్కురమ్మని పంపింది. వీలాక్ గారు పీపాలో దిగి, క్యాబేజీ చల్లదనానికి "అమ్మో!" అని కెవ్వుమంది. ఆవిడంత పెద్దగా అరవగలదని ఊళ్ళో ఎవరికీ తెలీదు.

"మెల్లిగా కాదు, కోపంగా తొక్కమను! ప్రాట్ గారి తల మీద తొక్కుతున్నాననుకోమను!" అంటోంది అమ్మ.

"ఇంకాస్త గట్టిగా తొక్కాలటండీ" అన్నాను.

"ఆవిడ అన్నది అది కాదు. ప్రాట్ గారి పేరు వినపడింది నాకు" అంది వీలాక్ గారు.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ నవ్వింది. నవ్వుతూ తొక్కింది, తొక్కుతూ చర్చి పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. పాట మరీ నిదానంగా ఉందని అమ్మ చప్పట్లు కొట్టి వేగం పెంచింది. దేవుడి పాట మా పాత ఊరి పెళ్ళి పాట నడకలో పరుగెత్తింది. క్యాబేజీ అయిపోతే నాన్న మా దొడ్లోంచి ఇంకా తెచ్చాడు; ప్రాట్ గారు మెట్ల మీద మాకు వీపు పెట్టి నిలబడి, ఒక్కో క్యాబేజీనీ భుజం మీంచి వెనక్కి అందించాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మంచివాడే పాపం.

మా దొడ్డి ఖాళీ అయితే పక్కవాళ్ళ దొడ్లు పట్టాం. నవంబరులో రైలు పెట్టె కదిలేనాటికి ఆరు పీపాలు పదకొండయ్యాయి. ఒక్కదాని మీద కూడా ఏ పేరూ లేదు. అమ్మ ప్లాట్‌ఫారం మీద చెయ్యి ఊపుతూ నిలబడింది, మనుషుల్ని సాగనంపుతున్నట్టు.

*

ఆ తర్వాత మూడు నెలలు అన్న దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అమ్మ ప్రతి గురువారం వీలాక్ గారింట్లో కుట్టుపనికి వెళ్ళేది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరికీ పోట్లాటలు ఉండేవి: మేజోడు మడమ ఎక్కడ తిప్పాలి, కాఫీలో ఎంత పాలు పొయ్యాలి. నేను పక్కనుంటే ఎక్కువ తగువులయ్యేవి కనుక నన్ను వంటింట్లోకి పంపేసేవారు. అమ్మ ఇంటికొచ్చి నవ్వుతూ వంట చేసేది. పెట్టె దగ్గరికెళ్ళి అన్న పాత ఉత్తరం తీసి, చదవడం రాని కళ్ళతో చూసేది. ఆ రెండూ ఒకే రోజు చేసేది.

ఫిబ్రవరిలో మంచు మోకాళ్ళ లోతున్న రోజు ఉత్తరం వచ్చింది. నాన్న కూడా పని ఆపి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, రెండు పళ్ళు పోయాయి. మిగతావి గట్టిపడ్డాయి. నెత్తురు ఆగింది, నడుస్తున్నాను, తింటున్నాను. నువ్వు పంపిన క్యాబేజీ మా దాకా రాలేదు. ఓహాయోవాళ్ళ పటాలానికి ఎక్కడి నుంచో వచ్చిందని విన్నాను, అది నీదో కాదో దేవుడికి తెలియాలి. మాకు ఉల్లిపాయలొచ్చాయి. మూడు పీపాలు. యాపిల్ పళ్ళలా కొరుక్కుతిన్నాం. అందరం ఏడ్చాం. ఉల్లిపాయల వల్లేనని ఒకరికొకరం చెప్పుకున్నాం. పీపా అడుగున చీటీ ఉంది: 'కెజాయా ప్రూయిట్, ఓట్‌ల్యాండ్ గ్రామం, అయోవా. ఇవి ఎవరు తిన్నా, బాగున్నాయో లేదో ఒక ముక్క రాయండి.' నాకు ఇంగ్లీషు రాయడం రాదు కదా, చెల్లి హెడీ చేత రాయించు."

అమ్మ తను తొక్కించిన క్యాబేజీ కొడుక్కి చేరలేదని బాధపడుతోందేమోనని నేను భయపడ్డాను.

"ఉల్లిపాయలా?" అంది. "ఉల్లిపాయ ముక్క కనిపిస్తే పళ్ళెం తోసేసేవాడు వెధవ!" అని నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వులోనే ఏడ్చింది. నాన్న ముక్కు చీదుకున్నాడు. అమ్మ లేచి శాలువా కప్పుకుంది.

"ఎక్కడికమ్మా? నేను రాస్తాగా?"

"నీ రాత కోడి గెలికినట్టుంటుంది. ఆవిడ దస్తూరీ బాగుంటుంది. పద."

వీలాక్ గారు ఉత్తరం మొత్తం నా చేత చెప్పించుకుని వింది. బల్ల దగ్గర కూచుని కలం సిరాలో ముంచింది. అమ్మ నిలబడే చెప్పింది, నేను ఇంగ్లీషులోకి మార్చాను, ఆవిడ రాసింది.

"మీ ఉల్లిపాయలు బాగున్నాయి. నా కొడుకు తిన్నాడు. వాడి పళ్ళు నిలబడ్డాయి, వాడూ నిలబడ్డాడు. మీ పిల్లలు ఎవరైనా యుద్ధంలో ఉంటే ఎక్కడున్నారో రాయండి. మా పీపాలు అక్కడికే పోతాయని చెప్పలేం, కానీ పోతూనే ఉంటాయి."

వీలాక్ గారు చివర చుక్క పెట్టి తలెత్తింది. "కింద ఏమని రాయమంటారు? కాస్పర్ బ్రెనర్ తల్లి అని రాయనా?"

చెప్పాను. అమ్మ ఆవిడ వైపు చూసింది.

"నా పేరూ తన పేరూ రెండూ రాయమను. వాటి కింద 'కాస్పర్ అమ్మలు' అని రాయమను."

నేను చెప్పేసరికి కలం ఆగిపోయింది.

"నేనా అబ్బాయిని చూడనైనా చూడలేదు" అంది వీలాక్ గారు.

"వస్తాడుగా, చూస్తుంది" అంది అమ్మ. "ముందు రాయమనవే, సిరా ఆరిపోతోంది."

ఆవిడ రాసింది. ఊరంతా మెచ్చుకునే ఆ దస్తూరీ ఆ ఒక్క వరసలో వంకరపోయింది. మళ్ళీ తిరగరాయలేదు. అలాగే మడిచి, ముగ్గురం మంచులో నడిచి వెళ్ళి పోస్టులో వేసొచ్చాం.